ఉన్న పుస్తకాన్ని లేదని చెప్పిన రోజు

పొద్దున 8 గంటలకు నేను తాళం తీసేసరికే మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. పెద్దవాళ్ళు పేపర్ల కోసం, పిల్లలు కుర్చీల కోసం. మా శాఖా గ్రంథాలయంలో ఫ్యాన్లు 3, కుర్చీలు 22. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ కానిస్టేబులు ఉద్యోగాలకీ చదువుకునే పిల్లలకు ఆ లెక్క బాగా తెలుసు. గాలి తగిలే చోటు దక్కాలని ఏడున్నరకే వచ్చి, మెట్ల మీదే కరెంట్ అఫైర్స్ తిరగేస్తుంటారు.

నా మొదటి పని పేపర్లు. దబ్బనంతో మడత దగ్గర కుట్టి, ఏటవాలు బల్లల మీద పరుస్తాను. కుట్టకపోతే పది నిమిషాల్లో మార్కెట్ ధరల పేజీ ఒకరి దగ్గర, జిల్లా వార్తలు ఇంకొకరి దగ్గర తేలతాయి. తర్వాత నిన్న తిరిగొచ్చిన పుస్తకాలను వాటి బీరువాల్లో సర్దుతాను. చీపురు పట్టేది నేనే, రిజిస్టరు రాసేది నేనే. శాఖా గ్రంథాలయాల్లో చాలాచోట్ల ఇంతే, ఒక్క మనిషే.

కొత్త పుస్తకం వచ్చిన రోజు నాకు ప్రత్యేకం. దానికి యాక్సెషన్ రిజిస్టరులో ఒక నంబరు వేస్తాం. ఒక పుస్తకానికి ఇచ్చిన నంబరు ఇంకే పుస్తకానికీ ఇవ్వకూడదు. పుస్తకం చిరిగి, చెదలు తిని, లెక్కలోంచి కొట్టేసినా సరే, ఆ నంబరు దానిదే. ఆ తర్వాత ముద్ర వెయ్యాలి. లోపలి అట్ట మీద, పేరు పేజీ వెనక, చివర. ఇవి అందరికీ కనిపించేవి. వీటితోపాటు ప్రతి గ్రంథాలయానికీ ఒక రహస్య పేజీ ఉంటుంది. ముందూ వెనకా పేజీలు చించేసి ఎవరైనా పుస్తకం పట్టుకుపోతే, ఫలానా అంకె పేజీ తీసి చూసి ఇది మాదని చెప్పటానికి. మాది ఏ పేజీయో ఇక్కడ రాయను.

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలవ పక్క ఊరు. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవకెక్కించింది ఈ ప్రాంతంలోనే. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా ఆ పడవ రేవురేవునా ఆగి, కొత్త పుస్తకాలిచ్చి పాతవి తీసుకునేది. పడవ వచ్చే రోజున మా తాతయ్య పొలం నుంచి ముందే బయలుదేరి గట్టు మీద నిలబడేవాడట. ఆయన చదివింది మూడో తరగతి. ఆ కథ వింటూ పెరిగాను కాబట్టే ఈ ఉద్యోగంలోకి వచ్చానని నా నమ్మకం. పుస్తకం కావలసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఆ మనిషిని ఉత్త చేతులతో పంపకూడదన్నది అప్పటినుంచే మనసులో పడిపోయింది.

అలాంటిది, ఒక రోజు పంపించేశాను.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. డీఎస్సీకి చదువుతున్న ఒకమ్మాయి కౌంటరు దగ్గరికి వచ్చి, నోటు పుస్తకంలో రాసుకున్న పేరు చూసి చదివింది: “మేడం, భాగవతుల సదాశివశంకర శాస్త్రిగారి పుస్తకాలు ఏవైనా ఉన్నాయా?” అప్పటికి రెండేళ్ళు కష్టపడి మా పుస్తకాలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి ఉన్నాను. పేరు టైపు చేశాను. ఏమీ రాలేదు. “లేవమ్మా” అన్నాను. ఆ పిల్ల సరేనని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

సాయంత్రం తిరిగొచ్చిన పుస్తకాలు సర్దుతుంటే ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటం ఒకటి చేతికొచ్చింది. అట్ట మీద ఆరుద్ర అని ఉంది. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని నాకు తెలియక కాదు. పరీక్షల పిల్లలకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. కానీ ఆ పూట కౌంటరు దగ్గర రద్దీగా ఉంది. తెర మీద ఏమీ రాలేదు. తెర చెప్పిందే నేను చెప్పేశాను. ఆ అమ్మాయి నిలబడిన చోటికి ఆరుద్ర పుస్తకాలు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

మర్నాడు వరండాలో మూలకు నెట్టిన పాత కార్డుల బీరువా దగ్గరికి వెళ్ళాను. మధ్యవయసు దాటిన పాఠకులకు ఆ బీరువాలు గుర్తుండే ఉంటాయి. చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగులో 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు కార్డులు, అడుగున రంధ్రంలోంచి ఒక ఇనప కడ్డీ. ‘భ’ సొరుగు లాగి చూశాను. నాకు ముందు ఇక్కడ పనిచేసి రిటైరైన గ్రంథపాలకుని గుండ్రటి చేతిరాతతో ఒక కార్డు ఉంది. భాగవతుల సదాశివశంకర శాస్త్రి, దాని కింద ‘చూడుము: ఆరుద్ర’. అంతే. యాక్సెషన్ నంబరు లేదు, పుస్తకం పేరు లేదు.

ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు అలాంటి కార్డులన్నీ నేనే పక్కన పడేశాను. అవి పుస్తకాలు కావు కదా, లెక్కలోకి రావు కదా అనుకున్నాను. లెక్కపెడితే 312 తేలాయి. 312 దారులు నా చేత్తోనే మూసేశానన్నమాట. కాయితం నుంచి కంప్యూటరుకు మారితే ఏదైనా పెరుగుతుందనే అందరం అనుకుంటాం. మారేటప్పుడు ఏం రాలిపోయిందో వెనక్కి తిరిగి చూసుకునే ఓపిక ఉండాలని నాకు ఆ సొరుగు దగ్గర తెలిసింది. నా టెక్నాలజీ పిచ్చి, మా ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరే ఇది, అక్కడ మొదలైంది.

తెలుగు రచయితల పేర్ల సంగతి ఒకసారి చూడండి. శ్రీశ్రీ అంటే శ్రీరంగం శ్రీనివాసరావు. చలం అంటే గుడిపాటి వెంకటచలం. బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. కొడవటిగంటి కుటుంబరావుగారిని కొందరు కొ.కు. అంటారు, కొందరు కుటుంబరావు అంటారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ఒక అట్ట మీద రావిశాస్త్రి, ఇంకో అట్ట మీద రా.వి. శాస్త్రి. బీనాదేవి అంటే ఒకరు కాదు, భార్యాభర్తలు ఇద్దరు కలిసి పెట్టుకున్న పేరు. ఇక మా పక్కనున్న తెనాలిలో శారద. ఆ పేరు చూసి రచయిత్రి అనుకునేవాళ్ళే ఎక్కువ. ఆయన ఎస్. నటరాజన్. తమిళం మాట్లాడే ఇంట పుట్టి, తెనాలి వచ్చి, హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని నవలలు రాసినవాడు. 1955లో చిన్న వయసులోనే పోయాడు. ఎక్సెల్‌లో ‘శారద’ అని కొడితే ఆయన ఒక్కడే రాడు. పేరులో శారద ఉన్న ప్రతి పుస్తకమూ, ప్రతి రచయిత్రీ వచ్చి ఆయన్ని కప్పేస్తారు.

దీనికి తోడు ఇంటిపేరు తగువు. విదేశాల్లో తయారైన కేటలాగు పద్ధతులు ఇంటిపేరు చివర ఉంటుందనుకుంటాయి. అందుకని చివరి మాట ముందుకు తెచ్చి, కామా పెట్టి రాస్తాయి. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది. ఆ పద్ధతిలో గుడ్డిగా పోతే విశ్వనాథ సత్యనారాయణగారు ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అయిపోయి, ఊళ్ళో ఉన్న సత్యనారాయణలందరి మధ్యా కూర్చుంటారు. ఆయన కోసం వచ్చేవాళ్ళు ‘వి’లో వెతుకుతారు గాని ‘స’లో వెతకరు.

పేర్లు అలా ఉంచి అక్షరాల దగ్గరికొద్దాం. పాత పుస్తకాల్లో అరసున్న ఉంటుంది, కొత్తవాటిలో ఉండదు. గ్రంథాలయం అని ఒకరు, గ్రంధాలయం అని ఒకరు రాస్తారు. వీటికన్నా నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది కంటికి కనిపించని ఒక గుర్తు. పొల్లు వచ్చినచోట తర్వాతి అక్షరం ఒత్తుగా మారిపోకుండా ఆపటానికి యూనికోడ్‌లో వెడల్పు లేని ఒక అడ్డుగోడ ఉంది. కొన్ని కీబోర్డులు అవసరం లేని చోట కూడా దాన్ని పెట్టేస్తాయి. మా జాబితాలో గోపీచంద్ రెండు చోట్ల, ఇద్దరు మనుషుల్లా కనబడుతున్నాడు. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసినా తేడా లేదు. ఒకదాని చివర ఆ అడ్డుగోడ ఉంది, ఒకదాని చివర లేదు. మన కంటికి ఒకటే పేరు, కంప్యూటరుకు రెండు. ‘అసమర్థుని జీవయాత్ర’ ఒక గోపీచంద్ కింద, కథల సంపుటం ఇంకో గోపీచంద్ కింద!

ఇదంతా చూశాక, గ్రంథాలయాల కోసమే చేసిన సాఫ్ట్‌వేరు ఏదైనా ఉచితంగా దొరుకుతుందేమోనని వెతికాను. కోహా తగిలింది. దాని పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. న్యూజిలాండ్‌లో హొరొవెనువా అనే ప్రాంతపు గ్రంథాలయం వాళ్ళు వాడుకునే పాత ప్రోగ్రాము 2000 సంవత్సరం రాగానే తేదీలు తప్పుతుందని 1999లో తేలింది. పెద్ద కంపెనీల సరుకు కొనే స్తోమత వాళ్ళకు లేదు. అక్కడి ఒక చిన్న సంస్థతో కొత్తగా రాయించుకున్నారు. 2000 జనవరిలో వాడటం మొదలుపెట్టి, ఆ తర్వాత దాన్ని ఎవరైనా వాడుకోండని లోకానికి ఇచ్చేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. చిన్న గ్రంథాలయం తన అవసరానికి చేసుకున్నది కాబట్టి నా అవసరం దానికి అర్థమవుతుందనిపించింది.

దాన్ని మా పాత కంప్యూటరులో ఎక్కించటానికి ఒక కుర్రాడు సాయం చేశాడు. ఇంజినీరింగు పూర్తిచేసి, మూడో ఫ్యాను కింద కూర్చుని గ్రూప్-2కి చదివేవాడు. “అక్కా, విండోస్ తీసేసి లినక్స్ వెయ్యాలి, భయపడరుగా?” అన్నాడు. భయపడ్డాను. నాలుగు ఆదివారాలు పట్టింది. రెండో ఆదివారం డేటా అంతా పోయిందనుకుని మాట పడిపోయి కూర్చున్నాను. పెన్‌డ్రైవులో నకలు ఉంది కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు ఆ నకళ్ళు మూడు ఉంచుతాను, అందులో ఒకటి మా ఇంటి బీరువాలో, పట్టుచీరల పక్కన.

కోహా వెనక ఉన్న పద్ధతి పేరు మార్క్. 1960ల్లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ఆవిడ ఆధ్వర్యంలో తయారైంది. పుస్తకం వివరాలను ఒక్కో అంకె గల గదిలో పెడతారు. 245లో పుస్తకం పేరు, 100లో రచయిత పేరు. పుస్తకాలకే కాదు, మనుషుల పేర్లకు కూడా విడిగా పత్రాలుంటాయి. ఆరుద్రకు ఒక పత్రం. అందులో 100 గదిలో ఆరుద్ర. 400 అనే గదిలో భాగవతుల సదాశివశంకర శాస్త్రి. ఆ 400 గది చూడగానే గుర్తుపట్టాను. వరండాలోని ‘చూడుము’ కార్డే అది! నేను పక్కన పడేసిందాన్ని వీళ్ళు అంకె ఇచ్చి దాచారు.

కానీ పేర్లు ఎక్కించినా వెతికితే రాలేదు. మారుపేర్లను కూడా చూడమని చెప్పే అమరిక ఒకటి కోహాలో ఉంది, అది మామూలుగా ఆపేసి ఉంటుంది. దాన్ని కనిపెట్టటానికి నాకు మూడు వారాలు. ఆన్ చేసి, సూచిక మొత్తం మళ్ళీ కట్టించి, భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని కొట్టాను. ఆరుద్ర పుస్తకాలు వరసగా వచ్చాయి. ఆ సాయంత్రం హాల్లో ఉన్న పిల్లలందరికీ బెల్లం జిలేబీ తెప్పించాను.

గ్రంథాలయ శాస్త్రం చదివినవాళ్ళకు రంగనాథన్‌గారు తెలుసు. లెక్కల మాస్టారుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడయ్యారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12ను మేం గ్రంథపాలకుల దినంగా జరుపుకుంటాం. 1931లో ఆయన చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుని సమయం వృథా కానివ్వకూడదన్నది. కాలేజీలో దాన్ని మార్కుల కోసం రాశాను. పాఠకుని సమయం పోవటమంటే ఏమిటో డీఎస్సీ పిల్ల వెళ్ళిపోయాక తెలిసింది.

అల్మారాల మీద మేం వేసే అంకెలు డ్యూయీవి. మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ 1876లో చేసిన పద్ధతి, లోకంలోని విషయాలన్నిటినీ పది భాగాలు చేస్తుంది. సాహిత్యం 800. అందులో ఇంగ్లీషు సాహిత్యానికి 820 మొత్తం ఇచ్చేశారు. మన తెలుగు సాహిత్యం 894.827 దగ్గర దొరుకుతుంది. కవిత్వమైతే ఇంకో 1, నాటకమైతే 2, నవలా కథా అయితే 3. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా బీరువాల్లో ముప్పాతిక భాగం 894.8273తోనే మొదలవుతుంటే, వెన్ను మీద అతికించే చీటీలో చోటు చాలదు. చిన్న అక్షరాలతో రాస్తాను.

కంప్యూటరులోకి ఎక్కించటంలో మాకున్న ఇంకో ఇబ్బంది చాలామందికి తెలియదు. ఇంగ్లీషు పుస్తకమైతే వెనక అట్ట మీద 978తో మొదలయ్యే 13 అంకెల ఐఎస్‌బీఎన్ ఉంటుంది. దాన్ని చదివిస్తే ఇతర గ్రంథాలయాలు అప్పటికే రాసిపెట్టిన వివరాలు దిగుతాయి. తెలుగులో రచయితలు సొంత డబ్బుతో వేసుకున్న పుస్తకాలు ఎన్నో. పాతవాటికి ఆ నంబరే లేదు. ప్రతిదీ తెరిచి, పేరు పేజీ చూసి, చేత్తో టైపు చెయ్యాలి. రోజుకు 12 నుంచి 15 పుస్తకాలు నా వంతు. 11 వేల పైచిలుకు పుస్తకాల్లో పేర్లు సరిచూసి ఎక్కించినవి ఇప్పటికి 7 వేలు దాటాయి.

11 గంటలకు తలుపులు మూస్తే మళ్ళీ తెరిచేది 4 గంటలకు. ఇంటికెళ్ళి వంటా భోజనాలూ అయ్యాక రెండింటికి వికీసోర్స్ తెరుస్తాను. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళ తర్వాత ఆయన రచనల మీద హక్కులు తీరిపోతాయి. అలాంటి పాత తెలుగు పుస్తకాల పేజీల ఫొటోలు వికీసోర్స్‌లో ఉంటాయి. కంప్యూటరు ఆ ఫొటో చూసి అక్షరాలు రాస్తుంది, మనం తప్పులు దిద్దాలి. దిద్దని పేజీకి ఎరుపు రంగు, ఒకరు దిద్దితే పసుపు, వేరే మనిషి ఇంకోసారి సరిచూస్తే ఆకుపచ్చ. కంప్యూటరు తప్పులన్నీ మన అక్షరాల పోలికల్లోంచి పుట్టినవే. వ, మ ఒకదానికొకటి మారిపోతాయి. థ కడుపులో చుక్క ముద్రణలో పడకపోతే ధ అవుతుంది. ప, ష కలిసిపోతాయి. నేను రోజుకు రెండు పేజీలు పసుపు చేస్తాను. ఎవరో ఎక్కడో వాటిని ఆకుపచ్చ చేస్తారు. ఆ మనిషెవరో నాకు తెలియకపోయినా, సాయంత్రం ఫోనులో రంగు మారటం చూస్తే ఎదురింటి మనిషి పలకరించినట్టుంటుంది.

ఆ పాత పుస్తకాల్లో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కానైనవి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారి పూనికతో సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా ఒక కేంద్రం. అది జరగకపోతే ఆ పుస్తకాల్లో ఎన్నో ఈపాటికి పొడి అయిపోయేవి. అప్పటి కాయితంలో ఉన్న ఆమ్లమే దాన్ని తినేస్తుంది. మడతపెడితే అప్పడంలా విరుగుతుంది. అంత పెద్ద పనిలోనూ పేర్ల దగ్గరే చిక్కు పడింది. వాటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, దీర్ఘాలూ ఒత్తులూ గుర్తించకుండా ఎక్కించారు. ఆ రాతలో కల, కాల, కళ, కలా నాలుగూ ఒకటే. పుస్తకం ఉంది, చేరే దారే లేదు.

మా పాఠకుల్లో ఒక రిటైరైన తెలుగు మాస్టారున్నారు. నీటికాసులతో చూపు పోయింది. చూపు పోయిన మొదటి ఏడు కూడా రోజూ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి, పేపరు బల్ల ముందు ఊరికే కూర్చునేవారు. ఆ కాయితం వాసన కోసమట. ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రాము తెర మీది అక్షరాలను పైకి చదువుతుంది, తెలుగు కూడా. మాస్టారి కోసం దాన్ని ఒక కంప్యూటరులో వేశాను. ఆ గొంతు మరగొంతే, హెచ్చుతగ్గులుండవు. ఆయన రెండు రోజులు విసుక్కున్నారు. మూడో రోజు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండు గంటలు కదల్లేదు.

వికీసోర్స్‌లో నేను ఇంకా దిద్దని పేజీలు కూడా వింటానన్నారు. మధ్యలో చెయ్యెత్తి పిలుస్తారు. “అమ్మాయ్, ‘వనసు’ అంటోంది. అది ‘మనసు’ అయుంటుంది, చూడు.” చూస్తే నిజమే. కంటితో దిద్దితే నేను దాటేసే తప్పులు ఆయన చెవికి దొరికిపోతాయి. పద్యమైతే మరీ. గణం తప్పగానే ఆగిపోతారు. ఇప్పుడు మా ఇద్దరి పేజీల్లో తప్పులు దాదాపు ఉండవు.

పరీక్షల పిల్లలు ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోతారు, కొందరు వయసు దాటిపోయి మానేస్తారు. ఇంటిపన్నుగా కట్టే ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయాల పేరున వసూలవుతాయని వాళ్ళలో చాలామందికి పరీక్ష కోసం చదివితేనే తెలిసింది. ఆ కుర్చీ మీ నాన్న డబ్బుతో కొన్నదేనని చెబుతుంటాను, మొహమాటపడకుండా కూర్చోమని.

ప్రస్తుతం నా బల్ల మీద ఒక నవల ఉంది. అట్ట లేదు, పేరు పేజీ లేదు, మొదటి ఎనిమిది పేజీలు లేవు. రహస్య పేజీలో మా ముద్ర మాత్రం ఉంది. రిజిస్టరులో దాని నంబరు ఉండాల్సిన పేజీకి ఎప్పుడో నీళ్ళు తగిలి సిరా అలుక్కుపోయింది. కథలో రైలు స్టేషనుంది, పెళ్ళి ఆగిపోయిన ఒక అమ్మాయుంది, కాలవ గట్టుంది. నెలరోజులుగా దాన్ని కౌంటరు మీదే ఉంచి, వచ్చిన ప్రతివాళ్ళనూ నాలుగు పేజీలు చదివి చెప్పమని అడుగుతున్నాను. పేపరు చదివే పెద్దాయన ఒక పేరు చెప్పారు. వారపత్రికల్లో సీరియళ్ళన్నీ చదివిన ఒకావిడ ఇంకో పేరు చెప్పింది. మాస్టారికి మొన్న నేనే రెండు అధ్యాయాలు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విని, మూడో పేరు చెప్పి, “ఇంకో అధ్యాయం చదివితే గట్టిగా చెబుతాను” అన్నారు. మూడు పేర్లూ చీటీ మీద పెన్సిలుతో రాసి పుస్తకంలో పెట్టాను. ఇవాళ సాయంత్రం 4 గంటలకు తలుపు తియ్యగానే మూడో అధ్యాయం.